అత్తగారి పేరు కొట్టిన డబ్బా

పోయిన శనివారం సాయంత్రం బోటనీ డౌన్స్‌లో మా అమ్మాయి వాళ్లింట్లో ఒక హాలీవుడ్ సినిమా పెట్టారు. ఆఫీసుల్లో పైవాళ్లు ఆడపిల్లల్ని ఎలా వేధిస్తారో చూపించే థ్రిల్లరట, కుర్చీ అంచు మీద కూచోబెడుతుందట, మా అల్లుడు రెండుసార్లు చెప్పాడు. సరే చూద్దాం అని నేనూ సోఫాలో ఓ మూల చేరాను. అద్దాల మేడ, అందులో ఎక్కడో ఆకాశంలో ఆఫీసు, సూటు వేసుకున్న బాసు, కొత్తగా చేరిన పిల్ల. ఆయన గది తలుపు వేస్తాడు, ఆ పిల్ల ఏడుస్తూ బయటికొస్తుంది, అక్కణ్ణుంచి గంటన్నర సేపు ఒకటే పరుగు. కంప్యూటర్లోంచి ఏవో కాగితాలు దొంగతనంగా తీస్తుంది, కార్లు నిలిపే చోట ఎవడో వెంటపడతాడు, చివరికి మేడ మీద వానలో తడుస్తూ ఇద్దరూ ఎదురుపడితే పోలీసులొచ్చి బాసుకి బేడీలు వేస్తారు. అల్లుడు పాప్‌కార్న్ గిన్నె ఒళ్లో పెట్టుకుని తినడం కూడా మర్చిపోయాడు. నేను మాత్రం మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లి కుక్కర్ చూసొచ్చాను.

ఆ సినిమా పిల్లలు చూసేది కాదు కాబట్టి ఆరేళ్ల మనవరాల్ని పక్క గదిలో కూచోబెట్టారు. అది నా పాత స్టీలు డబ్బా ఒకటి తీసుకుని అందులో తన జుట్టు క్లిప్పులన్నీ పోసుకుని, మళ్లీ కింద గుమ్మరించి, మళ్లీ పోసుకుంటోంది. నేను వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా ఆ గలగల వినబడింది.

సినిమా అయ్యాక మా అమ్మాయి పెద్ద నిట్టూర్పు విడిచి, ఎలా ఉందమ్మా అని అడిగింది. బాగానే ఉంది గానీ ఇందులో ఉన్నదంతా పరుగేనే, అసలు కష్టం ఎక్కడా లేదు అన్నాను. దానికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా నేనెప్పుడూ చెప్పనూ లేదు, ఆ సంగతులు జరిగినప్పుడు దానికి ఏడేళ్లు. వెంటపడే కార్లూ బేడీలూ ఏ ఆడదాని అనుభవంలో ఉంటాయో నాకు తెలీదు. నాకు జరిగినదాంట్లో ఉన్నవల్లా ఒక బల్ల, ఒక జగ్గు నీళ్లు, ఒక స్టీలు డబ్బా, సంతకం పడని ఒక ఉత్తరం, అంతే. ఇన్నేళ్లు కడుపులో దాచుకున్నాను. మీరంతా నా ఈడు వాళ్లు, ఏదో ఒక ఆఫీసులోనో బడిలోనో బ్యాంకులోనో ఇలాంటి బల్ల ముందు నిలబడ్డవాళ్లు, మీకు చెప్పుకోవడానికి నాకు సిగ్గేమిటి. ఆమాటకొస్తే అప్పుడు కూడా సిగ్గుపడాల్సింది నేను కాదు.

మేం ఈ దేశం వచ్చిన కొత్తలో పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన అక్కడి యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చాడు, చదువైతే పూర్తయింది గానీ ఉద్యోగం దొరక్క ఓ సూపర్‌మార్కెట్లో అరలు సర్దేవాడు. నేను గుంటూరులో పాల డెయిరీ ల్యాబులో ఎనిమిదేళ్లు పనిచేసిన దాన్ని గనక, రైతుల దగ్గర్నించి వచ్చే పాల శాంపిళ్లు పరీక్ష చేసే ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో నాకు తేలిగ్గానే పని దొరికింది. దాంతో మా ఇంటిల్లిపాది వీసాలూ నా ఉద్యోగం మీద నిలబడ్డాయి. రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టాలంటే మా ల్యాబు వాళ్లు నా పని బాగుందని ఒక ఉత్తరం ఇవ్వాలి, ఆ ఉత్తరం మీద సంతకం పెట్టాల్సింది మా సెక్షన్ సూపర్వైజరు. ఆ సంతకం పడితే ఈ దేశంలో ఉంటాం, పడకపోతే పెట్టెలు సర్దుకుంటాం. ఊరంతా బల్లపరుపుగా ఉండేది, నేను పంజాబీ డ్రెస్సు మీద కోటు వేసుకుని సైకిల్ మీద వెళ్లేదాన్ని, పోయేటప్పుడూ ఎదురుగాలే, వచ్చేటప్పుడూ ఎదురుగాలే, ఆ గాలికి ఓ నీతీ నియమం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గుంటూరు ల్యాబులో పదకొండుమంది మగవాళ్ల మధ్య నేనొక్కదాన్నే ఆడదాన్ని, అయినా ఏనాడూ ఇబ్బంది పడలేదు. చేరిన మొదటి రోజునే అందరికీ వరసబెట్టి అన్నయ్యగారూ అని పిలుపు తగిలించేశాను, మీలో చాలామంది అదే చేసి ఉంటారు. ఒకసారి అన్నయ్యగారూ అన్నాక ఎంత చెడ్డవాడైనా కాస్త వెనక్కి తగ్గుతాడు, తగ్గకపోతే పక్కవాళ్లే గడ్డి పెడతారు. అది మన ఆడవాళ్లు కట్టుకున్న దడి. ఈ దేశంలో ఆ దడి లేదు. యజమానినైనా సరే పేరుపెట్టి పిలవాలి, సార్ అంటే నవ్వుతారు. మా సూపర్వైజర్ని పేరుపెట్టి పిలవడం నాకు నెల రోజులు నోటికి రాలేదు, వచ్చిన రోజున ఒంటి మీద కోటు లేకుండా బయటికొచ్చినట్టు అనిపించింది.

దడి లేనప్పుడు ఏం చేస్తాం, మనకు తెలిసిన రెండో మర్యాద చేశాం. అన్నం పెట్టాం. మా అత్తగారు అప్పటికి మా దగ్గరే ఉంటున్నారు. ఆవిడ లెక్క చాలా సూటిగా ఉండేది: మన కాగితాల మీద సంతకం పెట్టాల్సిన మనిషి, మన ఇంటి తిండి ఓ నాలుగుసార్లు తిన్నాడంటే మనకు కీడు తలపెట్టడు. అందుకని ప్రతి శుక్రవారం పొద్దున్నే లేచి చింతపండు పులుసు తీసి పులిహోరో, గారెలో, పండగైతే బొబ్బట్లో చేసి, తన పెళ్లినాటి స్టీలు డబ్బాల్లో ఒకదాంట్లో సర్ది, మీ ఆఫీసరుకి ఇవ్వు అని నా సైకిల్ బుట్టలో పెట్టేవారు. నేను తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. ఒక్క ఆయనకే ఇచ్చేదాన్ని, అందరికీ పెట్టాలన్న ఆలోచనే రాలేదు, గుంటూరులో పెద్దాఫీసరుకి స్వీటు డబ్బా ఇస్తే ఎవరూ వేరేగా అనుకునేవాళ్లు కాదు మరి. ఇంట్లో వండారు, తీసుకోండి అని చెప్పేదాన్ని తప్ప ఎవరు వండారో ఏనాడూ చెప్పలేదు. అది మేం చేసిన పొరపాటు. పొరపాటే అంటున్నాను, తప్పు అనట్లేదు.

ఆయనకు అడగందే డబ్బాలు తిరిగిచ్చే అలవాటు లేదు. డబ్బా ఊరికే వెనక్కి రావడమే మనవాళ్లు సహించరు, అందులో కాస్త పంచదారైనా వేసి ఇస్తారు, అలాంటిది డబ్బానే రాకపోతే మా అత్తగారి ప్రాణం ఊరుకుంటుందా. రెండు డబ్బాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి. రోజూ నేను సైకిల్ స్టాండు వేస్తుండగానే గుమ్మంలోంచి అడిగేవారు, డబ్బాలు ఏవే అని. రేపు తెస్తానత్తయ్యా అనేదాన్ని.

రేపు తెస్తాననడానికి కారణం ఏమిటంటే, అప్పటికే ఆ మనిషి గదిలోకి అడుగుపెట్టడం నేను మానేశాను. మొదట్లో నా బల్ల వెనక వచ్చి నిలబడేవాడు. పిపెట్ అనే సన్నటి గాజు గొట్టంతో పాలు కొలిచేటప్పుడు రెండు చేతులూ కదపకూడదు, చుక్క తేడా వస్తే ఆ రైతు పాల లెక్కే మారిపోతుంది. సరిగ్గా అప్పుడే వచ్చి భుజం మీద చెయ్యి వేసేవాడు. జడ ఎంత పొడుగో అనేవాడు. ఓసారి నడుం మీద వేశాడు. నేను పిపెట్ వదల్లేదు, పని పాడుచేయలేదు, ఏం చేసినా నేను చేతిలో పని వదలనని ఆయన తెలుసుకున్నాడు, అదే ఆయన ధైర్యం. ఉత్తరం సంగతి అడిగితే నవ్వేవాడు, తొందరేముంది, మనం ఇంకా సరిగ్గా పరిచయమే కాలేదు కదా అనేవాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయేది, మండినా నోరు విప్పేదాన్ని కాదు. ఇంటికి వచ్చి గిన్నెలు తోమేటప్పుడు మాత్రం గట్టిగా తోమేదాన్ని.

ఒక మంగళవారం మధ్యాహ్నం శాంపిళ్లు దాచే చలిగదిలోకి వెళ్లాను. వెనకే వచ్చాడు. తలుపుకి అడ్డంగా నిలబడి, ఉత్తరం సిద్ధంగా ఉంది, నువ్వే సిద్ధంగా లేవు అన్నాడు, అని నా చెయ్యి పట్టుకున్నాడు. నా రెండో చేతిలో పాల సీసాల అర ఉంది. ఆ అరతోనే ఆయన గుండెల మీద ఒక్క తోపు తోశాను. సీసాలన్నీ పగిలాయి, పాలు నేలపాలయ్యాయి, ఆయన చొక్కా తడిసింది. నేను ఆ పాలలోంచి నడిచి బయటికొచ్చి నా బల్ల దగ్గర కూచున్నాను. మర్నాడు పొద్దున నా బల్ల మీద ఒక కవరు ఉంది. అజాగ్రత్త వల్ల రైతుల శాంపిళ్లు నాశనం చేశానని నాకు హెచ్చరిక, దాని మీద ఆయన సంతకం. ఆర్నెల్లుగా మా ఉత్తరం మీద పెట్టని సంతకం దీని మీద ఒక్క రాత్రిలో పెట్టేశాడు.

ఆ రోజు నా పక్క బల్ల ఆవిడ లేకపోతే నేనేమైపోయేదాన్నో. ఆవిడది ఫిజీ. వాళ్ల ముత్తాత మన విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల్లో పనికి వెళ్లాడట, ఆవిడకు తెలుగులో అన్నం, నీళ్లు, రా, పో తప్ప మిగల్లేదు, ఆ నాలుగు మాటలతోనే నన్ను చెల్లెల్ని చేసుకుంది. ఆ కాగితం చదివి, తలుపు వేసి వచ్చి, ల్యాబులో రాయనిది జరగనట్టే కదా, జరిగిందంతా తేదీలతో సహా రాయి, మేనేజరుకి ఇవ్వు అంది ఇంగ్లీషులో. అంత ధైర్యంగా చెబుతున్న మనిషి తలుపు ఎందుకు వేసి వచ్చిందో నాకు అప్పుడు తట్టలేదు. రాశాను. చేతి రాతతో నాలుగు పేజీలు, భుజం మీద చెయ్యి దగ్గర్నించి చలిగది దాకా, ఒక్క విశేషణం లేకుండా, మేం పరీక్ష ఫలితాలు రాసే పద్ధతిలోనే రాశాను.

వారం తిరక్కుండా మేనేజరు దగ్గర్నించి జవాబొచ్చింది. ఫలానా రోజు మీటింగు, సూపర్వైజరు కూడా ఉంటాడు, రెండు వైపులా విని నిర్ణయిస్తాం, మీకు తోడుగా ఒక మనిషిని తెచ్చుకోవచ్చు అని ఉంది. ఈ దేశంలో అదొక పద్ధతి, అలాంటి మీటింగులకి ఎవర్నీ ఒంటరిగా రమ్మనరు. మా ఆయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, రెసిడెన్సీ వచ్చేదాకా కాస్త ఓపిక పట్టలేకపోయావా అన్నాడు. పోనీ ఇప్పుడైనా ఏదో పొరపాటు జరిగిందని రాసి వెనక్కి తీసుకో, కాగితాలు చేతికొచ్చాక ఆ ఉద్యోగం మానేద్దువుగాని అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు, మా నలుగురి కోసమే భయపడ్డాడు. అది తెలిసినా ఆ మాట మీద నాకు కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, పోయిందని మీకు అబద్ధం చెప్పను. నేను తీసుకోనన్నాను. అయితే నేను రాను అని ఆయనా అనేశాడు.

మా అత్తగారు వంటింట్లో ఉన్నారు. ఇల్లు చిన్నది, అన్నీ వినబడి ఉంటాయి. ఆవిడ నన్నేమంటారో అన్న భయం నాకు ఆ సూపర్వైజరు భయం కంటే ఎక్కువగా ఉండేది, ఎందుకంటే ఆవిడ మంచివారేగానీ నోరు మంచిది కాదు, నా చపాతీలు గుండ్రంగా రాకపోతేనే మూడు రోజులు చెప్పుకునేవారు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, తోడు రమ్మన్నారటగా, నేనొస్తాను, అన్నారు. అత్తయ్యా, మీకు ఇంగ్లీషు రాదు కదా అన్నాను. కూచోడానికి ఇంగ్లీషెందుకే, అన్నారు.

మీటింగు రోజున, రానన్న మనిషే కారు తీశాడు. ముందు సీట్లో ఆయన డ్రైవ్ చేస్తుంటే, వెనక సీట్లో నా పక్కన కూచుని ఆవిడ నాకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు. చిన్నతనంలో భర్త పోయాక ఆవిడ కొన్నేళ్లు పొగాకు గ్రేడింగుకి కూలికెళ్లారని నాకు తెలుసు. అక్కడ మేస్త్రీ ఒకడు ఉండేవాడట. పదిమంది ఒక్కచోట కూచుంటే గోవులా ఉండేవాడట, ఒక్కత్తి మంచినీళ్లకు లేచిందంటే వెనకే వచ్చేవాడట. అందుకని ఆడవాళ్లంతా ఓ కట్టు పెట్టుకున్నారట, దాహం ఒకరికి వేసినా ఇద్దరు లేవాలి. రెండో మనిషి ఏమీ చేయక్కర్లేదు, ఊరికే పక్కన ఉంటే చాలు. ఇదంతా చెప్పి, ఈ తెల్లవాళ్లు ఇప్పుడు కాగితం మీద రాశారుగానీ మాకు ఇది ఎప్పుడో తెలుసు అన్నారు. కొడుకు అద్దంలోంచి తల్లి వైపు చూశాడు. ఆ సంగతి ఆయనా అదే మొదటిసారి వినడం.

ఆవిడ ఆ రోజు వెంకటగిరి చీర కట్టుకుని, దాని మీద పాత బట్టల దుకాణంలో కొన్న మగవాళ్ల కోటు వేసుకుని, కాళ్లకు ఉన్ని సాక్సులతో చెప్పులు తొడుక్కుని, నుదుట రూపాయంత బొట్టుతో వచ్చారు. మొగుడు పోయిన నాడు ఎవరు వద్దన్నా వినక అలాగే ఉంచుకున్న బొట్టు అది. గదిలో బల్ల మీద ఒక జగ్గు నీళ్లు, బల్లకి అటు సూపర్వైజరు, మధ్యలో మేనేజరు, ఆవిడా ఆడమనిషే, పక్కన రాసుకునే ఒకమ్మాయి. ఇటు మేమిద్దరం. ఈవిడకు ఇంగ్లీషు వచ్చా అని మేనేజరు అడిగితే రాదన్నాను. ఫర్వాలేదు, తోడు మనిషి కూచుంటే చాలు అంది. మా అత్తగారికి ఆ మాట చెబితే, చెప్పలా నీకు, అన్నట్టు తలూపారు.

నా నాలుగు పేజీలూ చదివారు. ఆయన తొణక్కుండా విన్నాడు. విని, ఎంతో జాలిపడుతున్నవాడిలా, ఇదంతా అపార్థం అన్నాడు. ఈవిడే నా మీద ఇష్టం పెంచుకుంది, నేను కుదరదనేసరికి ఇలా రాసింది, కావాలంటే చూడండి, ఇంత ల్యాబులో ఎవరికీ ఏమీ తీసుకురాదు, నాకోసం మాత్రం ప్రతి శుక్రవారం స్వయంగా వండి తెచ్చేది, ఏ మొగుడున్న ఆడది అలా తెస్తుంది అన్నాడు. అని సంచీలోంచి మా స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

అబద్ధమైతే ఎదిరించవచ్చు, కానీ డబ్బా అబద్ధం కాదు కదా, ఒక్క ఆయనకే ఇవ్వడమూ అబద్ధం కాదు. మేనేజరు నా వైపు చూసింది, ఆ చూపులో అప్పటిదాకా లేని అనుమానం ఉంది. నా ఉద్యోగం, పిల్ల బడి, మా నాలుగు పాస్‌పోర్టులు, అన్నీ ఆ పులిహోర డబ్బాలో పడి కొట్టుకుపోతున్నాయి.

ఇంతలో మా అత్తగారు ముందుకు వంగి ఆ డబ్బాను తన వైపు లాక్కున్నారు. కళ్లజోడు పెట్టుకుని, డబ్బా తిప్పి, వేలితో అంచు తడిమి, ఇదిగో ఇక్కడుంది నా డబ్బా, ఇదెందుకు తెచ్చాడు, ఏమంటున్నాడు, అని నన్ను తెలుగులో అడిగారు. ఆవిడ ఏమంటున్నారు అని మేనేజరు ఇంగ్లీషులో అడిగింది. నేను ఇరుక్కుపోయాను. ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాసిన దాన్నే, కానీ ఆ మనిషి అన్న మాటను తెలుగులో, మా అత్తగారి మొహం చూస్తూ చెప్పడానికి నాకు నాలుక తిరగలేదు. ఇంగ్లీషులో అది ఒక ఆరోపణ. తెలుగులో అది నా పరువు. చివరికి చెప్పాను. నాకు ఆయన మీద మోజు ఉందట అత్తయ్యా, అందుకే నేను వండి తెచ్చేదాన్నట.

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూశారు. తర్వాత ఆయన్ని చూశారు, పొగాకు మేస్త్రీని చూసిన చూపు అదే అయ్యుండాలి. తర్వాత చాలా నెమ్మదిగా అన్నారు: "వండింది నేను. ఆ మోజేదో ఉంటే నాదే అయ్యుండాలి, అరవై ఏడేళ్ల దాన్ని, ఆయనకు ఇష్టమేనేమో కనుక్కో."

నేను పొల్లు పోకుండా ఇంగ్లీషులో చెప్పాను. రాసుకునే అమ్మాయి కలం ఆగిపోయింది. మేనేజరు పెదాలు బిగబట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది. ఆయన మొహం చెవుల దాకా ఎర్రబడింది. ఇది కట్టుకథ, ఇప్పుడు అల్లుతున్నారు అన్నాడు. అప్పుడు మా అత్తగారు డబ్బాని మేనేజరు ముందుకు జరిపి, అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాల మీద వేలు పెట్టి, అదే వేలితో తన గుండె మీద తట్టుకున్నారు. నేను విడమర్చి చెప్పాను. మా దేశంలో గిన్నెల మీద ఎవరివి వాళ్ల పేరు కొట్టించుకుంటాం, ఇది ఈవిడ పేరు, ఈవిడ పెళ్లికి వాళ్లమ్మ ఇచ్చిన డబ్బా, మా ఇంట్లో వంటిల్లు ఈవిడది, నేను గిన్నెలు తోముతాను, నాకు పులిహోర కలపడం ఈనాటికీ రాదు, కావాలంటే ఇక్కడే పొయ్యి పెట్టి పరీక్ష చేయండి అన్నాను. ప్రేమ కొద్దీ తెచ్చిందయితే, తిన్నవాడు అది ఎవరు వండారని ఒక్కసారైనా అడగడా అని కూడా అన్నాను. ఆ మాట నాకు అప్పటికప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు.

ఈవిడ పాస్‌పోర్టు ఉందా అని మేనేజరు అడిగింది. మా అత్తగారి కోటు లోపలి జేబులో ఎప్పుడూ ఉండేది, తీసి ఇచ్చారు. పాస్‌పోర్టు మీద ఆవిడ సంతకం తెలుగులో ఉంది. మేనేజరుకి తెలుగు ఒక్క ముక్క రాదు, ఆ కాగితం పక్కన డబ్బా పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద పెన్సిల్ ఆనించి, ఈ వంపు ఇదీ, ఆ చుట్ట అదీ అని పోల్చి చూసుకుంది. చూడటం అయ్యాక డబ్బా మూత పెట్టి, జాగ్రత్తగా రెండు చేతులతో మా అత్తగారికి ఇచ్చింది. లేచేముందు మా అత్తగారు నాతో, ఇంకోటి ఉంది, మూత నొక్కుపోయింది, అదీ రేపటికల్లా తెమ్మని చెప్పు అన్నారు. అదీ చెప్పాను.

ఆ సాయంత్రం ఫిజీ అక్క మా ఇంటికొచ్చి తనూ రాసిన ఓ కాగితం చూపించింది. ఆవిడ బల్ల నాలుగేళ్ల కిందట ఆయన గది ఎదుట ఉండేదట, అడిగి మరీ మార్పించుకుందట. ఎందుకు మార్పించుకుందో అందులో ఉంది. మర్నాడు ఆ కాగితం కూడా మేనేజరు బల్ల మీదికి చేరింది. నా హెచ్చరిక వెనక్కి తీసుకున్నారు, మా ఉత్తరం మీద మేనేజరే సంతకం పెట్టింది. నిన్ను వేరే షిఫ్టుకి మారుస్తాం, నీకూ ప్రశాంతంగా ఉంటుంది అన్నారు. నేను మారను, నా బల్ల నాది, ఎవరికి ఇబ్బందో వాళ్లను మార్చండి అన్నాను. ఇంకో ఊళ్లో వాళ్ల శాఖకి ఆయన్ని పంపారు. బేడీలూ లేవు, వానా లేదు. కేకు కోసి టీ ఇచ్చి సాగనంపారు, అందరూ సంతకాలు చేసే వీడ్కోలు కార్డు ఒకటి బల్లలన్నీ తిరిగి నా దగ్గరికీ వచ్చింది. నేను కలం తీయకుండా పక్క బల్లకు జరిపాను, ఫిజీ అక్క కూడా అలాగే జరిపింది. ఆయన క్షమాపణ ఎప్పుడూ చెప్పలేదు. నేను మాత్రం అదే బల్ల దగ్గర ఇంకో పదకొండేళ్లు పనిచేశాను.

ఆ తర్వాతి శుక్రవారం తెల్లారేసరికి వంటింట్లో పోపు వాసన. ఇంకా ఎందుకత్తయ్యా, చాలదా మనకు అన్నాను విసుగ్గా. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటామా, వాడెవడో తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని నేను వండటం మానేస్తానా అన్నారు. ఈసారి డబ్బా కాదు, పెద్ద గిన్నె. ల్యాబులో ఉన్న అందరికీ, మేనేజరుకీ, పాల సీసాలు దింపే డ్రైవరుకీ కూడా. మా ఆయన ఆ గిన్నెను కారులో పెట్టుకుని లోపలిదాకా మోసుకొచ్చి, అందరి ముందూ, ఇది మా అమ్మ చేసింది అని గట్టిగా చెప్పాడు. ఆయన అడగాల్సిన క్షమాపణ అదేనని నాకు అర్థమైంది. సగం కోపం అప్పుడు పోయింది.

మా అత్తగారు పోయి తొమ్మిదేళ్లయింది. ఈ దేశంలో ఆఫీసులు చాలా మారాయి, మంచికే మారాయి. మా అమ్మాయి ఆఫీసులో ప్రతి గోడ మీదా ఏం చేయకూడదో రాసి ఉంటుందట, ఫోన్ నంబరు ఉంటుందట, ఏటా పాఠం చెప్పి పరీక్ష కూడా పెడతారట. ఇక్కడ చదువుకుని ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు, ఆంటీ కాస్త తోడొస్తారా అని అప్పుడప్పుడూ నన్ను పిలుస్తారు, మొన్నటికి మొన్న హాబ్సన్‌విల్ అమ్మాయి ఒకతె కోసం వెళ్లి కూచుని వచ్చాను. పాఠాలు ఎన్ని చెప్పినా ఆ బల్లలు ఇంకా ఉన్నాయి, నేను పిలిచినప్పుడల్లా వెళుతూనే ఉంటాను, మోకాళ్లు నొప్పెట్టినా వెళతాను. కానీ ఆ అమ్మాయి దారిలో ఒక మాట అంది. నేను ఆఫీసుకి ఎవరికీ చాక్లెట్ ముక్క కూడా తీసుకెళ్లను ఆంటీ, రేపు ఎవరేమంటారో అని. మా అమ్మాయీ అంతే, అందరూ కలిసి భోంచేసే రోజున షాపులో కొన్న చిప్స్ పొట్లం పట్టుకెళుతుంది. తెలివైన పనే చేస్తున్నారు, కాదనను. కానీ పెట్టే చెయ్యిని వెనక్కి లాక్కోవడం ఆడపిల్లలు నేర్చుకోవాల్సి వచ్చిందంటే నాకు బాధగా ఉంటుంది, ఆ మనిషి మీద పట్టరాని కోపం కూడా వస్తుంది. మాకు నష్టం చేయలేకపోయాడు గానీ, అలాంటివాళ్లంతా కలిసి వీళ్ల దగ్గర్నించి అదొకటి పట్టుకుపోయారు.

సినిమా అయ్యాక మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. నా చిన్నప్పుడు నానమ్మ ఒకరోజు వీధి వీధంతా సరిపోయే పులిహోర చేసింది, నాకు గుర్తుందమ్మా, ఎందుకో నాకెవరూ చెప్పలేదు, అంది. ఈ శుక్రవారం నాకు గిన్నె నిండా చేసివ్వు, ఆఫీసుకి తీసుకెళతాను, అంది. పులిహోర నాకు ఇప్పుడు వచ్చు, ఆవిడ చివరి రోజుల్లో పక్కన నిలబెట్టుకుని నేర్పారు.

ఈలోగా మనవరాలు డబ్బా ఖాళీ చేసి పట్టుకొచ్చి నా ఒళ్లో కూచుంది. దానికి తెలుగు వింటే అర్థమవుతుంది గానీ చదవడం రాదు. అంచు మీద చుక్కల్ని వేలితో తడుముతూ, ఇవేంటి అని ఇంగ్లీషులో అడిగింది. పేరు అన్నాను. ఎవరి పేరు అంది. మీ తాతమ్మ పేరు అని చెప్పబోయాను, దానికి ఆవిడ తెలీదు, ఆ మాటకు దాని మనసులో ఏ మొహమూ రాదు. అందుకని డబ్బా దాని చేతిలో పెట్టి, నేను మాట్లాడలేనప్పుడు నా పక్కన వచ్చి కూచున్న ఆవిడ పేరు అని చెప్పాను.